అప్‌డేట్ తర్వాత స్క్రీన్ నల్లబడిందా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చూడండి

శ్రీరాంపూర్ (మంచిర్యాల జిల్లా): పొద్దుగాల షట్టర్ లేపి కంప్యూటర్ ఆన్ చేస్తారు. రాత్రి దుకాణం బంద్ చేసేటప్పుడు "అప్‌డేట్ అండ్ షట్ డౌన్" అని కనపడితే నొక్కి ఇంటికి పోయారు. ఇప్పుడు కంపెనీ గుర్తు వస్తుంది, చుక్కలు గుండ్రంగా తిరుగుతాయి, ఆ తర్వాత స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది. లేదంటే అక్షరాలు పెద్దపెద్దగా, బొమ్మలు సాగదీసినట్టు కనపడతాయి. మధ్యాహ్నానికి ఇవ్వాల్సిన షాదీ కార్డు ఉర్దూ వైపు ఇన్‌పేజ్‌లో, తెలుగు వైపు పేజ్‌మేకర్‌లో అదే కంప్యూటర్‌లో ఉంది. గిరాకీ బయట నిలబడి ఉంది.

ఇట్లాంటప్పుడు మనకు వినపడే మొదటి మాట "ఫార్మాట్ కొట్టాలె". ఫార్మాట్ చేస్తే స్క్రీన్ వచ్చేస్తుంది, నిజమే. కానీ డెస్క్‌టాప్ మీద, డాక్యుమెంట్స్‌లో, డౌన్‌లోడ్స్‌లో పెట్టుకున్నవన్నీ పోతాయి. పాత కార్డుల ఫైళ్లు, ఉర్దూ తెలుగు ఫాంట్లు, కీబోర్డు సెట్టింగులు, పిల్లల ప్రాజెక్టులు, పెళ్లి ఫొటోలు పోతాయి. అసలు చెడిపోయింది చాలాసార్లు ఒక్కటే ఉంటుంది, అది గ్రాఫిక్స్ డ్రైవర్. దాన్ని వెనక్కి మార్చడం చాలావరకు అరగంట పని. మీ ఫైళ్లను ముట్టుకోవాల్సిన అవసరమే ఉండదు. ఆ పనిని వరుసగా ఎట్లా చేయాలో ఇక్కడ ఇస్తున్నాం. కంప్యూటర్ పని చేయనప్పుడు ఫోన్‌లో చూసుకుంటూ చేయవచ్చు.

గ్రాఫిక్స్ డ్రైవర్ అంటే ఏమిటి?

కంప్యూటర్‌లో బొమ్మ గీసే చిప్ ఒకటి ఉంటుంది. కొన్నింట్లో అది ప్రాసెసర్‌లోనే కలిసి ఉంటుంది, కొన్నింట్లో విడిగా గ్రాఫిక్స్ కార్డు మీద ఉంటుంది. ఇంటెల్, ఏఎమ్‌డీ, ఎన్‌విడియా అనే మూడు కంపెనీల చిప్‌లే మన దగ్గర ఎక్కువ. విండోస్ మాట్లాడే భాష వేరు, ఈ చిప్‌కు అర్థమయ్యే భాష వేరు. మధ్యలో ఉండే దుబాసీయే డ్రైవర్. అప్‌డేట్‌లో ఆ దుబాసీ మారిపోయి కొత్తవాడికి మాట సరిగా రాకపోతే చిప్ బాగానే ఉంటుంది, విండోస్ బాగానే ఉంటుంది, బొమ్మ మాత్రం రాదు.

డ్రైవర్ పూర్తిగా లేనప్పుడు విండోస్ తన దగ్గరున్న "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్"తో పని నడిపిస్తుంది. అప్పుడు స్క్రీన్ కనపడుతుంది కానీ అక్షరాలు లావుగా ఉంటాయి, రెండో మానిటర్ రాదు, ల్యాప్‌టాప్‌లో వెలుతురు తగ్గించే మీటలు పని చేయవు, వీడియో ఆగి ఆగి నడుస్తుంది. డ్రైవర్ ఉండి తప్పుగా పని చేస్తే స్క్రీన్ నల్లబడటం, మినుకుమినుకుమనడం జరుగుతుంది. చిప్ మామూలుగా 2 సెకన్లలోపు జవాబు ఇవ్వకపోతే విండోస్ డ్రైవర్‌ను ఆపి మళ్లీ మొదలుపెడుతుంది. స్క్రీన్ ఒక్కసారి నల్లబడి మళ్లీ రావడానికి ఎక్కువగా ఇదే కారణం.

పెద్ద పెద్దవాళ్లకూ తప్పలేదు

ఇది మన తప్పు వల్ల వచ్చేదని అనుకోవద్దు. విండోస్ విస్టా కొత్తగా వచ్చిన 2007లో నమోదైన క్రాష్‌లలో దాదాపు 29 శాతానికి ఒక్క ఎన్‌విడియా డ్రైవర్లే కారణమని తర్వాత కోర్టు కేసులో బయటపడ్డ మైక్రోసాఫ్ట్ పత్రాల్లో ఉంది. 2010 మార్చిలో ఎన్‌విడియా 196.75 డ్రైవర్ కార్డు ఫ్యాన్ వేగాన్ని సరిగా నడపక కార్డులు వేడెక్కడంతో కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంది.

2024 జూలై 19న జరిగింది గ్రాఫిక్స్ డ్రైవర్ గొడవ కాదు కానీ నేర్పిన పాఠం ఒక్కటే. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ పంపిన తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలం స్క్రీన్‌తో ఆగిపోయాయి. శంషాబాద్ విమానాశ్రయంలో ఆ రోజు ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇచ్చారు. అప్పుడు కూడా ఎవరూ అన్ని యంత్రాలకూ ఫార్మాట్ కొట్టలేదు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఒక్క ఫైలు తీసేస్తే యంత్రాలు లేచాయి. మనం చేయబోయేదీ అట్లాంటి పనే.

ముందు తేల్చుకోండి: డ్రైవరా, సామానా?

డ్రైవర్ చెడిపోవడం వేరు, వైరు లేదా కార్డు చెడిపోవడం వేరు. ఐదు నిమిషాల్లో ఇట్లా తేల్చుకోవచ్చు.

• ఆన్ చేయగానే కంపెనీ గుర్తు కనపడుతుందా? కనపడి, విండోస్ మొదలైన తర్వాతే నల్లబడితే అనుమానం డ్రైవర్ మీదే. గుర్తు కూడా రాకపోతే వైరు, మానిటర్, ర్యామ్, కార్డు చూడాలి. అక్కడ డ్రైవర్ మారిస్తే లాభం లేదు.

• నల్ల స్క్రీన్ మీద ఉన్నప్పుడు క్యాప్స్ లాక్ నొక్కండి. దాని దీపం వెలిగి ఆరుతుంటే కంప్యూటర్ లోపల బతికే ఉంది, బొమ్మ మాత్రమే రావడం లేదు.

• గీతలు, రంగు చుక్కలు కంపెనీ గుర్తు మీద కూడా కనపడితే అది వైరు లేదా కార్డు దోషం.

• ల్యాప్‌టాప్ అయితే చీకట్లో స్క్రీన్ మీద ఫోన్ టార్చ్ పక్కనుంచి వేయండి. లోపల బొమ్మ మసకగా కనపడితే వెనక దీపం పోయింది, అది రిపేరు దుకాణం పని.

• డెస్క్‌టాప్‌కు విడి గ్రాఫిక్స్ కార్డు ఉంటే మానిటర్ వైరును కార్డు నుంచి తీసి మదర్‌బోర్డు పోర్టులో పెట్టి చూడండి. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటే చాలాసార్లు బొమ్మ వచ్చేస్తుంది. అక్కడి నుంచి మిగతా పని హాయిగా చేసుకోవచ్చు.

• స్క్రీన్ వచ్చి మినుకుమంటుంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. అది కూడా మినుకుమంటే డ్రైవర్ దోషం. అది నిలకడగా ఉండి మిగతావి మాత్రమే మినుకుమంటే ఏదో ఒక ప్రోగ్రాం దోషం.

• నల్ల స్క్రీన్ మీద మౌస్ బాణం ఒక్కటే కదులుతుంటే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరిచి "రన్ న్యూ టాస్క్"లో ఎక్స్‌ప్లోరర్ అని ఇంగ్లిషులో కొట్టండి. డెస్క్‌టాప్ వచ్చేస్తే ఆ రోజుకు డ్రైవర్ జోలికి పోనక్కర్లేదు.

మొదలుపెట్టే ముందు: బిట్‌లాకర్ తాళం

ఇది చదవకుండా ముందుకు పోవద్దు. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్క్ మొత్తం తాళం వేసి ఉంటుంది. విండోస్ 11 24హెచ్2 నుంచి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన యంత్రాల్లో ఈ తాళం తనంతట తానే పడుతుంది. యజమానికి ఆ సంగతి తెలియకపోవచ్చు. మరమ్మతు తెరలోకి పోయినప్పుడు కంప్యూటర్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఫోన్ బ్రౌజర్‌లో మైక్రోసాఫ్ట్ సైటు తెరిచి, అదే ఈమెయిల్‌తో లాగిన్ అయి, మీ డివైస్ పేరు కింద రికవరీ కీ చూడండి. ముందే కాగితం మీద రాసి పెట్టుకుంటే మంచిది.

దుకాణంలో ల్యాప్‌టాప్ కొన్నప్పుడు వాళ్ల ఈమెయిల్‌తోనే అకౌంట్ తెరిచి ఇస్తే ఆ కీ వాళ్ల అకౌంట్‌లో ఉంటుంది. ఇప్పుడే అడిగి తెచ్చుకోండి. కీ లేకపోతే ఆ డిస్క్‌లోని ఫైళ్లను ఎవరూ తెరవలేరు.

మెట్టు 1: నాలుగు మీటలు

విండోస్ మీట, కంట్రోల్, షిఫ్ట్, బి కలిపి ఒక్కసారి నొక్కండి. స్క్రీన్ రెప్పపాటు ఆగి, చిన్న శబ్దం వచ్చి డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. ఫైళ్లకు ఏమీ కాదు. రాకపోతే విండోస్ మీట, పి కలిపి నొక్కి, ఒక క్షణం ఆగి, కింది బాణం ఒకసారి, ఎంటర్ ఒకసారి కొట్టండి. అప్‌డేట్ తర్వాత బొమ్మ లేని రెండో మానిటర్‌కు పోయి ఉంటే ఇట్లా తిరిగి రావచ్చు.

మెట్టు 2: సేఫ్ మోడ్‌లోకి పోవడం

సేఫ్ మోడ్‌లో విండోస్ కంపెనీ డ్రైవర్‌ను వదిలేసి తన సాదా డ్రైవర్‌తో లేస్తుంది. అక్కడ స్క్రీన్ బాగుండి మామూలుగా మాత్రం నల్లబడితే దొంగ దొరికినట్టే, అది డ్రైవరే.

లాగిన్ తెర కనపడుతుంటే షిఫ్ట్ మీట పట్టుకుని పవర్ గుర్తు కింద "రీస్టార్ట్" నొక్కండి. ఏమీ కనపడకపోతే ఇట్లా చేయండి. పవర్ బటన్ 10 సెకన్లు పట్టుకుని ఆపండి. మళ్లీ ఆన్ చేసి, విండోస్ మొదలవుతున్న గుర్తు రాగానే మళ్లీ 10 సెకన్లు పట్టుకుని ఆపండి. ఇట్లా రెండుమూడుసార్లు చేస్తే తర్వాతి సారి కంప్యూటర్ తానే మరమ్మతు తెర తెస్తుంది. అప్‌డేట్ శాతం నడుస్తున్నట్టు కనపడితే మాత్రం ఆపవద్దు. అది పూర్తయ్యేదాకా ఓపిక పట్టండి.

నీలం తెర వచ్చాక "ట్రబుల్‌షూట్", "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్", "స్టార్టప్ సెట్టింగ్స్", "రీస్టార్ట్" వరుసగా నొక్కండి. జాబితా వచ్చాక 4 నొక్కితే సేఫ్ మోడ్, 5 నొక్కితే ఇంటర్నెట్‌తో సేఫ్ మోడ్ వస్తుంది. మన పనికి 4 చాలు. అక్కడ పిన్ తీసుకోకపోతే అకౌంట్ పాస్‌వర్డ్ కొట్టాల్సి వస్తుంది, గుర్తుంచుకోండి.

ఒక చిక్కు తెలిసి ఉండాలి. విండోస్ 11కు 2025 అక్టోబర్ 14న వచ్చిన కేబీ 5066835 అప్‌డేట్ తర్వాత ఈ మరమ్మతు తెరలోనే యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పని చేయడం మానేశాయి. అక్టోబర్ 20న మైక్రోసాఫ్ట్ కేబీ 5070773తో సరి చేసింది. ఆ తర్వాత అప్‌డేట్ చేయని యంత్రంలో మీకు ఇదే ఎదురైతే గుండ్రటి పిన్నుల పాత పీఎస్ 2 కీబోర్డు పెట్టి చూడండి. పాత డెస్క్‌టాప్‌లలో ఆ పోర్టు ఇంకా ఉంటుంది.

మెట్టు 3: డ్రైవర్‌ను వెనక్కి మార్చడం

1. స్టార్ట్ గుర్తు మీద మౌస్ కుడి మీట నొక్కి "డివైస్ మేనేజర్" తెరవండి.

2. "డిస్‌ప్లే అడాప్టర్స్" పక్కన బాణం నొక్కండి. మీ చిప్ పేరు కనపడుతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో రెండు పేర్లు ఉంటాయి, ఒకటి ప్రాసెసర్‌ది, ఒకటి విడి కార్డుది. స్క్రీన్‌ను నడిపేది ఎక్కువగా ప్రాసెసర్‌దే, ముందు దాన్నే చూడండి.

3. పేరు మీద కుడి మీట, "ప్రాపర్టీస్", తర్వాత "డ్రైవర్" అనే భాగం. అక్కడున్న తేదీ, వెర్షన్ నంబరు కాగితం మీద రాసుకోండి.

4. "రోల్ బ్యాక్ డ్రైవర్" నొక్కి, కారణం ఏదో ఒకటి ఎంచుకుని, రీస్టార్ట్ చేయండి.

చాలామందికి ఇక్కడితో పని అయిపోతుంది.

"రోల్ బ్యాక్" బూడిద రంగులో ఉండి నొక్కుడుపడకపోతే పాత డ్రైవర్ లెక్క విండోస్ దగ్గర లేదని అర్థం. అప్పుడు "అప్‌డేట్ డ్రైవర్" నొక్కి, "బ్రౌజ్ మై కంప్యూటర్", తర్వాత "లెట్ మీ పిక్" ఎంచుకోండి. పాతవి కూడా జాబితాలో ఉంటే తేదీ చూసి ముందటిది పెట్టండి. పేరు చెప్పడానికి "అప్‌డేట్" అయినా ఇక్కడ చేసేది వెనక్కి పోవడమే.

అదే ప్రాపర్టీస్‌లో "కోడ్ 43" అని కనపడితే పరికరం తప్పు చెప్పిందని విండోస్ దాన్ని ఆపేసిందని అర్థం. డ్రైవర్ మార్చినా మళ్లీమళ్లీ 43 వస్తుంటే కార్డే చెడిపోయి ఉండవచ్చు.

మెట్టు 4: అప్‌డేట్‌నే తీసేయడం

డ్రైవర్ మార్చినా బాగుపడకపోతే ముందు రోజు వచ్చిన విండోస్ అప్‌డేట్‌ను తీసేయండి. మరమ్మతు తెరలో "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" కింద "అన్ఇన్‌స్టాల్ అప్‌డేట్స్" ఉంటుంది. నెలనెలా వచ్చే చిన్నదానికి "క్వాలిటీ అప్‌డేట్", ఏడాదికోసారి వచ్చే పెద్దదానికి "ఫీచర్ అప్‌డేట్" ఎంచుకోండి. పెద్దదాన్ని వెనక్కి తిప్పడానికి మామూలుగా 10 రోజులే గడువు. ఆ లోపు పాత విండోస్ ఫోల్డరును చెత్త అనుకుని తుడిచేయకండి.

అదీ కాకపోతే "సిస్టమ్ రిస్టోర్" ఉంది. ముందటి తేదీకి పాయింట్ ఉంటే విండోస్ సెట్టింగులు, డ్రైవర్లు ఆ తేదీకి పోతాయి. మీ ఫొటోలు, డాక్యుమెంట్లు అట్లాగే ఉంటాయి. ఆ తేదీ తర్వాత వేసిన ప్రోగ్రాంలు మాత్రం పోతాయి.

మెట్టు 5: శుభ్రంగా తీసి కొత్తగా పెట్టడం

సగం పాత, సగం కొత్త కలిసిపోయి గజిబిజి అయినప్పుడు ఈ మెట్టు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే ఎక్కువగా ఇట్లా అవుతుంది.

ముందు సరైన డ్రైవర్ తెచ్చుకోండి. ల్యాప్‌టాప్ అయితే కింద అతికించిన కాగితం మీదున్న మోడల్ లేదా సర్వీస్ నంబరుతో ఆ కంపెనీ సొంత సైటులో వెతకండి. డెస్క్‌టాప్ కార్డు అయితే చిప్ కంపెనీ సైటులోనే తీసుకోండి. ఎన్‌విడియా డ్రైవర్ ఒక్కటే దాదాపు 700 నుంచి 900 ఎంబీ ఉంటుంది, ఫోన్ డేటా చూసుకోండి. వేరే కంప్యూటర్‌లో దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవచ్చు.

తర్వాత ఇంటర్నెట్ తీసేయండి. వైఫై బంద్, వైరు ఊడదీయండి. లేకపోతే మీరు తీసేసిన డ్రైవర్‌నే విండోస్ వెనకనుంచి మళ్లీ తెచ్చి పెడుతుంది. సేఫ్ మోడ్‌లో డివైస్ మేనేజర్‌లో పేరు మీద కుడి మీట నొక్కి "అన్ఇన్‌స్టాల్ డివైస్" ఎంచుకుని, డ్రైవర్‌ను కూడా తీసేయమనే గడిలో టిక్ పెట్టండి. ఇంకా మొండిగా ఉంటే డిస్‌ప్లే డ్రైవర్ అన్ఇన్‌స్టాలర్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, మెకానిక్‌లు దాన్ని డీడీయూ అంటారు. సేఫ్ మోడ్‌లో నడిపితే పాత ముక్కలన్నీ ఊడ్చేస్తుంది. రీస్టార్ట్ చేసి, తెచ్చుకున్న డ్రైవర్ పెట్టి, చివర్లో ఇంటర్నెట్ కలపండి.

"మీ డ్రైవర్లన్నీ ఒక్క నొక్కుతో అప్‌డేట్ చేస్తాం" అనే యాప్‌లను నమ్మవద్దు. వాటి వల్ల తప్పు డ్రైవర్ పడిన కంప్యూటర్లే రిపేరుకు వస్తుంటాయి.

ఫార్మాట్ తప్పదంటే ముందు ఫైళ్లు బయటికి

ఐదు మెట్లూ దాటినా కాకపోతే మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిందే. అప్పుడైనా ముందు ఫైళ్లు బయటికి తీయాలి. దీనికి చాలామందికి తెలియని సులువైన దారి ఒకటుంది. మరమ్మతు తెరలో "కమాండ్ ప్రాంప్ట్" తెరిచి నోట్‌ప్యాడ్ అని ఇంగ్లిషులో కొట్టండి. నోట్‌ప్యాడ్‌లో "ఫైల్", "ఓపెన్" నొక్కి, కింద "ఆల్ ఫైల్స్" ఎంచుకుంటే మీ ఫోల్డర్లన్నీ కనపడతాయి. కావాల్సినవి కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ చేయండి. ఇక్కడ డ్రైవ్‌ల అక్షరాలు మారి ఉండవచ్చు, సీ అనుకున్నది డీగా కనపడినా భయపడవద్దు. లేదంటే డిస్క్ ఊడదీసి వేరే కంప్యూటర్‌కు యూఎస్‌బీ వైరుతో తగిలించి తీసుకోవచ్చు. బిట్‌లాకర్ ఉంటే రెండు దారుల్లోనూ ఆ 48 అంకెలు కావాలి.

తర్వాత కూడా నేరుగా ఫార్మాట్ కాకుండా "రీసెట్ దిస్ పీసీ"లో "కీప్ మై ఫైల్స్" ముందు ప్రయత్నించండి. ఫైళ్లు ఉంటాయి, ప్రోగ్రాంలు మాత్రం మళ్లీ వేసుకోవాలి.

పాత కార్డులున్నవాళ్లకు

మన దగ్గర చవకగా దొరికే ఎన్‌విడియా జీటీ 710 కార్డులు ఇంకా చాలా డెస్క్‌టాప్‌లలో ఉన్నాయి. ఆ తరం కార్డులకు కొత్త డ్రైవర్లు 2021లోనే ఆగిపోయాయి, భద్రతా సవరణలు 2024తో ముగిశాయి. వాటికి 470 శాఖ డ్రైవరే ఆఖరిది. దుకాణంలో "లేటెస్ట్ వేస్తాం" అంటే వద్దనండి, కొత్తది ఆ కార్డును గుర్తే పట్టదు. జీటీఎక్స్ 900, 1000 శ్రేణి కార్డులకు కూడా 580 శాఖతో 2025 అక్టోబర్‌లో మామూలు డ్రైవర్లు ముగిశాయి. వాటికి భద్రతా సవరణలు 2028 అక్టోబర్ దాకా వస్తాయని కంపెనీ చెప్పింది. మీ కార్డుకు సరిపోయే ఆఖరి డ్రైవర్ ఫైలును ఒకసారి దించి పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి.

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. తొందరపడి పాత యంత్రం మీద విండోస్ 11 ఎక్కించేవాళ్లకు ఈ డ్రైవర్ కష్టమే ముందు ఎదురవుతుంది. ఎక్కించే ముందు మీ గ్రాఫిక్స్ చిప్‌కు విండోస్ 11 డ్రైవర్ ఉందో లేదో చూసుకోండి.

ఉబుంటు వాడేవాళ్లకు

ఇక్కడ కూడా కెర్నల్ అప్‌డేట్ తర్వాత ఎన్‌విడియా స్క్రీన్ నల్లబడుతుంది. ఆన్ చేసేటప్పుడు పాత యంత్రాల్లో షిఫ్ట్, కొత్తవాటిలో ఎస్కేప్ నొక్కితే గ్రబ్ జాబితా వస్తుంది. "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్"లో ముందటి కెర్నల్ ఎంచుకుంటే చాలాసార్లు యథావిధిగా లేస్తుంది. లోపలికి పోయాక "అడిషనల్ డ్రైవర్స్"లో పరీక్షించినదని రాసి ఉన్న డ్రైవర్ పెట్టండి.

బొగ్గు ఊళ్లలో ఇంకో మూడు సంగతులు

శ్రీరాంపూర్, నస్పూర్, మందమర్రి, గోదావరిఖని లాంటి సింగరేణి ఊళ్లలో ఒక్కోసారి నింద అప్‌డేట్ మీద పడుతుంది, నేరం వేరేచోట ఉంటుంది.

మొదటిది దుమ్ము. బొగ్గు దుమ్ము సన్నగా ఉండి ఫ్యాన్ రెక్కలకు, దాని కింది అల్యూమినియం పలకల మధ్య పట్టేస్తుంది. గాలి ఆడక చిప్ వేడెక్కి డ్రైవర్ ఆగిపోతుంది. పని మొదలుపెట్టిన పదిహేను ఇరవై నిమిషాలకు మాత్రమే స్క్రీన్ పోతుంటే అది డ్రైవర్ కాకపోవచ్చు, వేడి. కరెంటు తీసేసి, ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని, బ్లోయర్‌తో ఊదండి. తడిగుడ్డ వాడవద్దు.

రెండోది ఎండ. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే మన దగ్గర రేకుల షెడ్డు కింద దుకాణంలో మధ్యాహ్నం పూట కార్డుకు ఊపిరాడదు. కంప్యూటర్ పెట్టెను గోడకు ఆనించకండి, ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టకండి.

మూడోది కరెంటు. అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోవడం డ్రైవర్ పాడవడానికి పెద్ద కారణం. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌కు అప్‌డేట్ పెట్టకండి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే పెట్టండి.

మళ్లీ రాకుండా

• విండోస్ 11 సెట్టింగ్స్‌లో "విండోస్ అప్‌డేట్" కింద అప్‌డేట్‌లను 5 వారాల దాకా ఆపుకోవచ్చు. పెళ్లిళ్ల సీజన్‌లో, పరీక్షల ఫీజులు, ఉద్యోగ దరఖాస్తుల ఆఖరి తేదీల్లో ఇది వాడుకోండి. కానీ శాశ్వతంగా ఆపేయకండి, భద్రతా సవరణలు కూడా ఆగిపోతాయి.

• కంట్రోల్ ప్యానెల్‌లో "డివైస్ ఇన్‌స్టలేషన్ సెట్టింగ్స్" తెరిచి "నో" పెడితే విండోస్ తనంతట తాను డ్రైవర్లు మార్చడం తగ్గుతుంది.

• పెద్ద అప్‌డేట్‌కు ముందు రిస్టోర్ పాయింట్ ఒకటి చేసి పెట్టుకోండి. రెండు నిమిషాల పని.

• 32 జీబీ ఖాళీ పెన్‌డ్రైవ్‌తో "రికవరీ డ్రైవ్" చేసుకోండి. కంప్యూటర్ లేవకపోయినా దానితో మరమ్మతు తెరలోకి పోవచ్చు. దాంట్లో ముందున్న ఫైళ్లు చెరిగిపోతాయని మరవద్దు.

• రోజూ పని చేసే ఫైళ్లను ఇంకోచోట కాపీ పెట్టుకోండి. మిగతా మెట్లన్నీ కాకపోయినా ఈ ఒక్క అలవాటు కాపాడుతుంది.

దుకాణానికి తీసుకుపోతే ఏమని చెప్పాలి?

అందరికీ ఈ పనులు చేతకావు, చేతకాకపోవడం తప్పూ కాదు. కానీ కంప్యూటర్ ఇచ్చేటప్పుడు ఒక కాగితం మీద ఈ నాలుగు మాటలు రాసి ఇవ్వండి. ఒకటి, ఏ రోజు ఏ అప్‌డేట్ తర్వాత ఇట్లా అయింది. రెండు, కంపెనీ గుర్తు కనపడుతుందా లేదా. మూడు, "ముందు సేఫ్ మోడ్‌లో డ్రైవర్ వెనక్కి మార్చి చూడండి". నాలుగు, "నన్ను అడగకుండా ఫార్మాట్ కొట్టవద్దు, ఫైళ్లు కావాలి". ఆఖరి మాట కింద గీత గీయండి.

అడగకుండా ఫార్మాట్ కొట్టి, ఇరవై ఏళ్ల ఉర్దూ కార్డుల నమూనాలు పోగొట్టుకున్న వాళ్లు మన మధ్యే ఉన్నారు. వాళ్ల కంప్యూటర్లు ఆ సాయంత్రానికే బాగుపడ్డాయి, ఫైళ్లు మాత్రం తిరిగి రాలేదు. డ్రైవర్ ఎప్పుడైనా మళ్లీ దొరుకుతుంది. అందుకే ఈరోజు కంప్యూటర్ బాగున్నప్పుడే పది నిమిషాలు తీసుకుని డ్రైవర్ వెర్షన్, బిట్‌లాకర్ కీ, అకౌంట్ పాస్‌వర్డ్ ఒక నోటుబుక్కులో రాసి గల్లా పెట్టెలో పెట్టండి.